నవఫలకావతార ప్రబంధం

ప్రబంధం మొదలుపెట్టేవాడు ముందు ఇష్టదేవతను తలచుకోవాలి. ఈ కథకు అధిదేవత సిగ్నలు. ఊళ్లో నాలుగు గీతలుగా వెలిసి, భక్తుడి పాపం పండేకొద్దీ మూడై, రెండై, ఒకటై, నల్లమల అడవిలో కాలు పెట్టగానే నిర్గుణ నిరాకార పరబ్రహ్మమైపోయే ఆ తల్లికి ముందుగా ఒక దండం. తరవాత పూర్వకవి స్తుతి. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదికెక్కి, మొట్టమొదటి ఐఫోను చూపించి, సభ చేత ఈలలు వేయించిన స్టీవ్ జాబ్స్ ఈ సంప్రదాయానికి ఆదికవి. ఆపైన కుకవి నింద చెయ్యడం ఆచారమే గాని, ఫోన్ల కంపెనీలన్నిటికీ పెద్ద పెద్ద లాయర్లున్నారు. అందుకని ఆ పద్యం ఒక్కటీ ఎగ్గొడుతున్నాను.

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లాక్షణికులు అన్నారు. అన్నీ నావల్ల కాదు. రతోత్సవం లాంటివి ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో కుదరవు. వివాహానికి సందర్భం లేదు. మిగిలినవి ఎదురైనప్పుడల్లా చెప్పుకుంటూ పోతాను.

ముందు పురం. మారిక అనే గొల్లభామ చెన్నకేశవస్వామికి రోజూ పాలు సమర్పించుకునేదట. ఆమె పేరు మీద మారికాపురం అయి, జనం నోళ్లలో అరిగి మార్కాపురం అయిందని స్థలపురాణం. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా ఇటు మార్కాపురం, అటు గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. అందుకే మా మాటకు ఒక కాలు సీమలో ఉంటే ఒక కాలు కోస్తాలో ఉంటుంది. ఈ పురానికి కోట గోడలు లేవు. గుట్టలున్నాయి. భూమి తవ్వి పలకరాయి తీసి, మంచిది ఏరుకుని, పనికిరానిది పారబోయగా పారబోయగా లేచిన బూడిదరంగు గుట్టలు. ఒకప్పుడు దేశంలో అ ఆలు దిద్దిన పిల్లల ఒళ్లో ఉన్నది చాలావరకు మా ఊరి రాయే. ఓడలెక్కి పరాయి దేశాలకు కూడా పోయింది. తరవాత రేకు పలక వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది, నోటుపుస్తకం వచ్చింది. ఇప్పుడు మా రాయి పెద్దవాళ్ల ఇళ్ల గోడలకూ అరుగులకూ రంగురంగుల అలంకారం బిళ్లలుగా పోతోంది. అక్షరాలు దిద్దించిన రాయి గోడెక్కి కూర్చుంది. రిటైరైన పంతుళ్లకూ అదే గతి కదా అని మా లెక్కల మాష్టారు అంటుంటారు.

సముద్ర వర్ణన చెయ్యాలంటే సముద్రం తూర్పున ఎక్కడో ఒంగోలు అవతల ఉంది. మా వాటాకు కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువు గుండ్లకమ్మ నీటిని పట్టి నిలుపుతుంది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. నిండిన ఏడు అది సముద్రమే. ఎండిన ఏడు క్రికెట్ మైదానం. రెండు వర్ణనలకూ ఒకటే చోటు చాలడం మా ప్రాంతపు కవికి ఉన్న సుఖం.

ఇక చంద్రోదయం. 2025 సెప్టెంబరు 9, మంగళవారం. సంపూర్ణ గ్రహణం పట్టి విడిచి రెండు రాత్రులే అయింది. చంద్రుడు ఇంకా తల ఆరబెట్టుకుంటున్నవాడిలా మబ్బుల చాటున మసకగా ఉన్నాడు. మహాలయ పక్షం. పితృదేవతలు భూమికి దిగివచ్చి, మనవళ్లు ఏం చేస్తున్నారో చూసే రోజులు. మనవళ్లు టీ కొట్టు దగ్గర చేరి ఉన్నారు.

ఆ టీ కొట్టు బస్టాండుకు దగ్గర్లో ఉంది. సభామంటపం చెప్పాలంటే నాలుగు బల్లలు, ఒక పొయ్యి, బిస్కెట్ల సీసాలు మూడు, వేలాడే గుట్కా పొట్లాల తోరణం. పొయ్యికి పైన మేకుకు ఒక పలక. మార్కాపురం రాతి పలకే. చట్రం పొగచూరి నల్లబడి, రాయి బూడిదతేలి, రాయీ చెక్కా వర్ణాలు మార్చుకున్నాయి. దాని మీద సుద్దముక్కతో పేర్ల మొదటి అక్షరాలు, ఒక్కో అక్షరం ఎదుట నిలువు గీతలు. నాలుగు గీతలు నిలబడితే అయిదోది వాటి మీద అడ్డంగా పడుతుంది. ఒక గీత ఒక టీ. అది కొట్టు బావ చిత్రగుప్తుడి చిట్టా. పాఠకులు ఈ పలకను గుర్తుపెట్టుకోవాలి. మహాకావ్యంలో మొదటి ఆశ్వాసంలో కనిపించిన ఆయుధం చివరి ఆశ్వాసంలో పేలుతుంది.

సభాసదులు. సెల్ రిపేరు కొట్టు కుర్రాడు: ఇంగ్లీషు వింటే తెలుగులో చెప్పగలడు, చెడిపోయిన ఛార్జింగ్ పిన్నును ఊది బాగుచెయ్యగలడు. ఈ రాత్రికి వాడే సంజయుడు. లెక్కల మాష్టారు: బీపీ ఉన్నందున చక్కెర మానేసి, ఉప్పు మానని మనిషి. ఒక ఆటో సోదరుడు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ అబ్బాయి: హైదరాబాదు జీతం, మార్కాపురం అన్నం. గిద్దలూరు నుంచి పని మీద వచ్చి బస్సు తప్పిపోయిన నా బావమరిది, బత్తాయి రైతు. అందరికన్నా అవతల, బల్ల చివర, కాళ్లు పైకి పెట్టుకుని, పలకల గనుల్లో ముప్ఫయ్యేళ్లు రాయి చీల్చిన తాత. ఆయన దగ్గితే కొట్టు బావ అడక్కుండానే వేడినీళ్ల గ్లాసు ముందుకు జరుపుతాడు. ఆ పొడి లోపలికి పోయినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, ఆ వర్ణన ఈ శైలికి లొంగదు.

రంగస్థలం సంజయుడి ఫోను. చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టారు. దాని స్క్రీన్ గార్డు మీద మూడు చీలికలున్నాయి. ఒకటి గుండ్లకమ్మ, మిగతా రెండూ దానిలో కలిసే వాగులు. చూసేవాళ్లు ఏ బొమ్మ చూసినా నది ఒడ్డున నిలబడి చూసినట్టే.

సరిగ్గా పదిన్నరకు తెర తెరుచుకుంది. కాలిఫోర్నియాలో కూపర్టినో అనే ఊళ్లో ఆపిల్ కంపెనీ వారి తోట, ఆ తోటలో పచ్చిక, ఆ పచ్చిక మీద ఎండ.

"ఏందిరా అబ్బయా, ఆడ ఎండ కాస్తాంది?" అన్నాడు తాత.

"ఆడ ఇప్పుడు పొద్దున పది, తాతా."

"మనకో?"

"పదిన్నర."

"అరగంట తేడాకే అంత ఎండా?"

ఈ ప్రశ్నకు మాష్టారు భూగోళం తీసుకుని జవాబు చెప్పబోయారు. టీ గ్లాసును భూమి అనుకోమన్నారు, పొయ్యిని సూర్యుడనుకోమన్నారు. పన్నెండున్నర గంటలు తిరిగేలోగా గ్లాసులో టీ ఒలికి బావమరిది లుంగీ మీద పడింది. అక్కడితో ఖగోళం ముగిసింది.

మొదటి ప్రదర్శన చెవుల్లో పెట్టుకునేవి. అవి ఇక మీదట గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతాయని సంజయుడు చెప్పాడు. ఎదుటివాడు పరాయి భాష మాట్లాడితే అప్పటికప్పుడు మార్చి చెవిలో చెబుతాయని కూడా అన్నాడు. "తెలుగుందా?" అని అడిగినవాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, పోర్చుగీసు, స్పానిషు. అంతే. తెలుగులోకి మార్చే యంత్రం ఆ క్షణాన ప్రపంచంలో ఒకటే పనిచేస్తోంది. అది బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, బిస్కెట్టు నములుతూ మాట్లాడుతోంది. దాని ఖరీదు ఒక టీ.

తరవాత చేతి గడియారాలు. రక్తపోటు ఎక్కువున్నట్టు అనుమానమొస్తే అవి హెచ్చరిస్తాయట. సభ మొత్తం మాష్టారి వైపు చూసింది. ఆయన చేతిలోని మిరపకాయ బజ్జీని మర్యాదగా కిందపెట్టి, సభ చూపు తిప్పుకున్నాక మళ్లీ తీసుకున్నారు.

ఇక్కడ విప్రలంభం. అంటే ప్రేమించినవాళ్లు విడిపోవడం. అప్పుడే అసలు ఫోను రాబోతుందనగా తెర మీది మనిషి నోరు తెరిచి తెరిచినట్టే ఉండిపోయాడు. నడుమ ఒక గుండ్రం తిరగసాగింది. ఆ వెంటనే సంజయుడికి సందేశం: ఈ రోజు డేటాలో 90 శాతం వాడేశారు. పొద్దుట్నుంచి రీల్సు చూసిన పాపం ఇప్పుడు వచ్చి ఎదుట నిలబడింది. ఇంకో ఊరివాళ్లయితే గగ్గోలు పెట్టేవాళ్లు. మావాళ్లు నిమ్మళంగా టీ తాగారు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన రాయి వేస్తే, నల్లమల కడుపులోంచి ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు రెండు తవ్వితే, ఆ రెంటిలోంచీ నీళ్లు వచ్చి మా పొలాల్లో పడతాయని ఎదురుచూస్తూ పిల్లల్ని కని, పెళ్లిళ్లు చేసి, మనవళ్లనెత్తుకున్నవాళ్లం. మాకు తెర మీద తిరిగే సున్నా ఒక లెక్కా?

కానీ దాతలు లేని కావ్యం ఉండదు. ఆటో సోదరుడు లేచాడు. జేబులోంచి ఫోను తీశాడు. "నా హాట్‌స్పాట్ తీసుకోండి," అన్నాడు. అప్పుడు అతని ముఖంలో కవచకుండలాలు కోసి ఇచ్చేటప్పటి కర్ణుడి తేజస్సు ఉంది. పాస్‌వర్డు అడిగేసరికి ఆ తేజస్సు కొంచెం తగ్గింది. బయటికి చెప్పనన్నాడు. మంత్రోపదేశం చేసినట్టు సంజయుణ్ని పక్కకు పిలిచి, తువ్వాలు అడ్డంపెట్టి చెవిలో చెప్పాడు. సంజయుడు నవ్వు ఆపుకోలేక పొలమారాడు. అదొక ఆడపేరు, చివర 143. అంతవరకే బయటికి పొక్కింది. ఆ పేరు ఆటో సోదరుడి భార్యది కాదని మాత్రం కొట్టు బావ, అడక్కుండానే, అందరికీ చెప్పాడు.

సున్నా ఆగింది. మనిషి నోరు కదిలింది. కుమారోదయం మొదలైంది.

పెద్దకొడుకు మామూలు ఐఫోను 17. వాడి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నడిపివాడు వచ్చేసరికి సభలో నిశ్శబ్దం. పేరు ఎయిర్. మందం 5.6 మిల్లీమీటర్లు. దాన్ని పరిచయం చేస్తున్నది అబిదుర్ చౌదరి అనే కుర్ర డిజైనరు.

"చౌదరా?" ఆటో సోదరుడు నిటారుగా కూర్చున్నాడు. "ఏ ఊరు? చిలకలూరిపేట సైడా, తెనాలి సైడా?"

"లండనన్నా."

"లండన్‌లో సెటిలయ్యుంటాడు. సొంతూరు కనుక్కో."

బెంగాల్ వైపు కూడా చౌదరీలు ఉంటారని మాష్టారు చెప్పాక, ఆ సంబంధం అక్కడితో తప్పిపోయింది.

కానీ తాత అప్పటికే కాళ్లు కిందికి దించాడు. ముప్ఫయ్యేళ్లుగా ఆయన్ను ఎరిగిన కొట్టు బావ, తాత కాళ్లు దించడమంటే ఏమిటో తెలిసినవాడు, పొయ్యి మంట తగ్గించాడు. తాత వచ్చి చక్కెర డబ్బా ముందు వంగి, కళ్లు చికిలించి, గుండ్లకమ్మకు అవతలి ఒడ్డున తిరుగుతున్న ఆ సన్నటి వస్తువును పక్కనుంచి చూశాడు. రాయి చీల్చేవాడు ఎప్పుడూ పక్కనుంచే చూస్తాడు. ముఖం చూసేది కొనేవాడు.

"ఎంత మందమన్నావు?"

"అయిదున్నర మిల్లీమీటర్ల పైన, తాతా. అంటే…" సంజయుడు వేళ్ల మధ్య కొంచెం సందు చూపించాడు.

తాత నవ్వలేదు. కొట్టు అరుగు కింద కాలితో వెదికి, అరచేయంత పలకరాతి పెంకు ఒకటి తీశాడు. మా ఊళ్లో ఏ అరుగు కింద చూసినా అది దొరుకుతుంది. దాని అంచును దీపం వైపు తిప్పాడు. అంచులో పుస్తకం కాగితాల్లా పొరలు. "గనిలోంచి అప్పుడే తీసిన పచ్చిరాయి ఐతే మాట ఇంటది. ఎండితే మొండికేస్తది. ఉలి ఈడ పెట్టాల. గట్టిగా కొట్టకూడదు. తడితే సాలు. సప్పుడు మారద్ది. మారిన కాడ ఆగాల," అని, ఉలి లేని చేత్తో, సుత్తి లేని చేత్తో, ఆ పెంకు అంచు మీద గాలిని రెండుసార్లు తట్టాడు. మేమందరం సప్పుడు కోసం చెవులు రిక్కించాం. సాఫ్ట్‌వేర్ అబ్బాయి అయితే నిజంగానే వినపడిందన్నాడు. "దీనికన్నా పల్చగా చీల్సినాం. రోజుకు ఎన్నో లెక్క లేదు. యా దేశపోడూ వచ్చి ఇట్టా సినిమా తీయల్యా."

అప్పుడే తెర మీద ఫోను వీపు తిప్పింది. పైభాగాన కెమెరా ఉన్నచోట అడ్డంగా ఒక ఉబ్బు. కంపెనీ వారు దాన్ని పీఠభూమి అన్నారు. తాత దాన్ని రెండు క్షణాలు చూసి, "ముడి," అన్నాడు. "రాయిలో ముడుంది. మేమైతే గుట్ట మీద పారేస్తాం."

ఈ తీర్పు వెలువడిన తరవాత ఆ రాత్రి ఎవరూ ఎయిర్‌ను మళ్లీ పొగడలేదు.

అద్దం కథ వచ్చింది. ముందువాటి కన్నా మూడు రెట్లు తక్కువగా గీతలు పడతాయని సంజయుడు అనువదించాడు. ఇది తాతకు ఎంతకీ అర్థం కాలేదు. "గీత పడకపోతే ఇంక పలకెందుకు?" అని అడిగాడు. మాష్టారు సర్దిచెప్పబోయి, తనకే సందేహం వచ్చి, ఊరుకున్నారు. ఆ తరవాత మెళ్లో వేలాడేసుకునే తాడు. ఫోను కవరుకు అడుగున చిల్లులుంటాయట, ఆ చిల్లుల్లోంచి తాడు పోతుందట, భుజం మీదుగా అడ్డంగా వేసుకోవచ్చట. ఖరీదు మన దేశంలో 5,900. ఈసారి నవ్వింది తాత ఒక్కడే కాదు. పలక చట్రానికి మూల చిల్లు, చిల్లులో నవారు పోగు, పోగు చివర తడిగుడ్డ ముక్క, ఆ గుడ్డ కంపు. అవన్నీ మోసుకుని బడికి పోయిన మెడలు అక్కడ నాలుగున్నాయి. 2021లో ఇదే కంపెనీ ఫోను తుడిచే గుడ్డ ఒకటి 1,900 రూపాయలకు పెట్టిందని సాఫ్ట్‌వేర్ అబ్బాయి గుర్తుచేశాడు. "ఉమ్ముకు ఎంతంట?" అని కొట్టు బావ అడిగాడు.

ప్రో వచ్చింది. నారింజ రంగులో వచ్చింది. కాషాయమని ఒకరు, కమలాపండని ఒకరు. నా బావమరిది మాత్రం, "కాయకు ఇంత రంగు తిరిగిందంటే దళారి సగం రేటు కోస్తాడు," అని నిట్టూర్చాడు. బత్తాయి మనిషికి ప్రపంచమంతా కోతకొచ్చిన తోటే. ప్రోలో వెండిరంగు, నారింజ, ముదురు నీలం తప్ప నలుపు లేదని తెలిసినప్పుడు తాత తన చోటికి పోయి కాళ్లు మళ్లీ పైకి పెట్టుకున్నాడు. నల్లగా లేని పలక గురించి ఆయన మాట్లాడదలచుకోలేదు.

ఇంతలో ప్రయాణ వర్ణన. నా మేనల్లుడు అదే వేళకు గుంతకల్లు వైపు పోయే రైల్లో ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఈ ఫోను కోసం డబ్బు కూడబెడుతున్నాడు. కంభం దాటాడు, గిద్దలూరు దాటాడు, చెవిలో లైవు వింటూనే ఉన్నాడు. "మామా, ఇప్పుడు రేటు చెప్తాడు," అని నాకు ఫోను చేసి మరీ చెప్పాడు. రైలు దిగువమెట్ట దాటి అడవిలో దూరింది. నాలుగు గీతలు మూడయ్యాయి. మూడు ఒకటైంది. ఆపైన పరబ్రహ్మం. ఎనిమిది నెలల తపస్సు ఫలించే ఘడియలో భక్తుడి కిటికీ అవతల టేకుచెట్లు, చీకటి, ఒక సొరంగం. లోకమంతటికీ తెలిసిన రేటు వాడికి గాజులపల్లె అవతల గాని తెలియలేదు. ఆ ముప్పావుగంట తన జీవితంలో చివరి సుఖమైన ముప్పావుగంట అని తరవాత వాడే అన్నాడు.

మాకు ఆ సుఖం కూడా లేదు. రేట్లు వచ్చేశాయి. మామూలు 17కు 82,900. ఎయిర్‌కు 1,19,900. ప్రోకు 1,34,900. మాకు దగ్గర్లోనే త్రిపురాంతకం ఉంది. శివుడు ఒక్క బాణంతో మూడు పురాలు కాల్చినచోటు అది. ఆ రాత్రి మా బల్ల మీద మళ్లీ మూడు పురాలు కాలాయి. ఒకటి సాఫ్ట్‌వేర్ అబ్బాయిది, ఒకటి సంజయుడిది. మూడోది ఆటో సోదరుడిది. అతను కొనాలనుకున్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పాస్‌వర్డులోని పేరుకు కానుకేమో.

ఇలాంటప్పుడు దేశమంతా ఒకే వేళాకోళం ఆడుతుంది, కిడ్నీ అమ్ముకోవాలని. మా దగ్గర ఎవరూ ఆ మాట అనలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు బస్సెక్కేవాళ్లను ఎరిగిన ఊళ్లు ఇవి.

ద్యూత వర్ణన ఈఎంఐ గురించి. ఇరవై నాలుగు నెలలా, ముప్ఫై ఆరా, పాతఫోను ఇస్తే ఎంత తగ్గుతుంది. పాచికలు వెయ్యకుండానే ధర్మరాజులు ముగ్గురు ఓడిపోయారు. 22వ తేదీ నుంచి జీఎస్టీ తగ్గుతోంది కదా అని బావమరిది ఆశ చూపించాడు. టీవీలకు తగ్గింది, నోటుపుస్తకాలకు పూర్తిగా తీసేశారు, ఫోన్లకు మాత్రం 18 శాతం అట్లాగే ఉందని మాష్టారు చెప్పారు. ఆ సమయంలోనే మా ఇంటి నుంచి ఫోను. "మహాలయ పక్షాల్లో కొత్త వస్తువులు చూస్తూ కూర్చున్నారంట?" నేను చూడటమే గాని కొనడం లేదని చెప్పుకున్నాను. అమ్మకాలు 19న మొదలు, అమావాస్య 21న. కూపర్టినోలో ఎంత చదువుకున్నవాళ్లున్నా పంచాంగం చూసేవాడు ఒక్కడూ లేడన్నమాట.

జియో ఫోను రోజు గుర్తుచేసింది కూడా మాష్టారే. 2017 జులై 21. ముకేశ్ అంబానీ కంపెనీ వార్షిక సమావేశంలో నిలబడి, 1,500 డిపాజిట్ కట్టండి, మూడేళ్ల తరవాత తిరిగిస్తాం, ఫోను ఖరీదు సున్నా అన్నాడు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఈ కొట్టు ముందు జనం రోడ్డు మీదిదాకా నిలబడ్డారని కొట్టు బావ చెప్పాడు. గేదెల్ని తోలుకుపోతున్నవాడు కూడా ఆగాడట. అది అందే పండు. చూసేవాళ్ల ముఖాల్లో లెక్కలు కనపడ్డాయి. ఇది నక్షత్రం. చూడొచ్చు. నక్షత్రం చూసేటప్పుడు గేదెల్ని ఆపరు.

చివరిది యుద్ధం. దానికి కారణం డాలరు. అమెరికాలో ప్రో 1,099 డాలర్లేనని సంజయుడు నోరుజారాడు. డాలరు అప్పుడు 88 రూపాయల దగ్గర ఉంది. మాష్టారి చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాడికి గుణకారం కంటబడితే ఆగదు. "ఎంతవుతుందో చేసి చూపిస్తానుండండి," అని లేచారు. ఫోన్లో క్యాలిక్యులేటరుంది, ఆయన అటు చూడలేదు. పొయ్యి పైకి చెయ్యి చాచారు. మేకునుంచి పలక తీశారు. భుజం మీది తువ్వాలు చేతికి తీసుకున్నారు.

కొట్టు బావ పాలు పొంగుతుంటే అటు తిరిగి ఉన్నాడు.

ఒక్కటే తుడుపు. ఎడమ నుంచి కుడికి. కల్పాంతంలో జలప్రళయం లోకాలను ముంచేటప్పుడు ఇంతే సులువుగా ముంచుతుందేమో. పేర్లు పోయాయి. గీతలు పోయాయి. నాలుగు నిలువు, ఒక అడ్డం, ఎన్ని కట్టలో, వినాయక చవితి ముందునుంచి పేరుకున్న అప్పులు, అన్నీ ఒక తువ్వాల్లోకి తెల్లటి పొడిగా దిగిపోయాయి. దేవతలు పూలవాన కురిపించారో లేదో గాని, ఆటో సోదరుడు ఆకాశం వైపు చూసి చేతులు జోడించాడు.

మాష్టారు గుండ్రటి అక్షరాలతో వేశారు. 1,099 ఇంటూ 88. 96,712. పక్కనే 1,34,900. గీతగీసి తీసేశారు. "38,188!" అని పలకెత్తి సభకు చూపించారు. "ఈ 38,188 ఎక్కడిదని అడుగుతున్నా! ఎక్కడిది?"

కొట్టు బావ ఇటు తిరిగాడు. పలక చూశాడు. చేతిలో గరిటె ఉంది.

"నా టీలు ఎక్కడివి?"

తెర మీద సంగీతం వినిపిస్తూ పేర్లు పడుతున్నాయి. ఎవరూ చూడటం లేదు. మాష్టారు ముందు పలక వైపు, తరవాత తువ్వాలు వైపు చూసి, తువ్వాలును నెమ్మదిగా మడతపెట్టారు, మడిచిపెడితే అందులోంచి గీతలు మళ్లీ ఏరుకోవచ్చన్నట్టు. గరిటె రెండు క్షణాలు గాలిలో నిలిచింది. వయసులో పెద్దాయన, పైగా కొట్టు బావకు ఏడో తరగతిలో ఎక్కాలు చెప్పిన చెయ్యి. గరిటె దిగింది. సుద్దముక్క చేతికొచ్చింది.

"చెప్పండి. ఎవరివి ఎన్ని?"

ఆటో సోదరుడు హాట్‌స్పాట్ సంగతి ఎత్తాడు, దానికింద ఎన్ని టీలు కొట్టేస్తారో ముందు తేల్చమన్నాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి తనవి ఎప్పటికప్పుడు ఫోన్లోనే కొట్టేశానన్నాడు. చూపించమంటే ఛార్జింగ్ లేదన్నాడు. బావమరిది తనది గిద్దలూరని గుర్తుచేశాడు. సంజయుడు రెండు అన్నాడు. బావ వాడివైపు చూశాక నాలుగు అన్నాడు. అందరికీ పక్కవాడివి ఎన్నో బాగా గుర్తున్నాయి.

"నాయి పదకొండు," అన్నాడు బల్ల చివర్నుంచి తాత. "రెండు కట్టలు, ఒక గీత."

బావ ఆ పలక మీద, 38,188 కింద, మొదటి అక్షరం వేసి రెండు కట్టలు, ఒక గీత గీశాడు. తరవాత సుద్దముక్క చేతిలోనే పట్టుకుని మాష్టారి వైపు తిరిగాడు.

"మీవో, మాష్టారూ?"

లెక్కల మాష్టారు చంద్రుణ్ని చూస్తున్నారు.

"నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదయ్యా," అన్నారు. "ఒక ఏడు… ఆరు వేసుకో."

పన్నెండయింది. బల్ల మీద సంజయుడి ఫోను టింగుమంది. రేపటి డేటా వచ్చింది.